సురక్షితమైన ప్రభుత్వ బాండ్లే బ్యాంకును ఎలా ముంచాయి? మన బ్యాంకు లెక్కల్లో ఏం చూడాలి?

గుంటూరు_డాలస్:

అందరికీ నమస్కారం. ఐఎంఎఫ్ ఏప్రిల్, అక్టోబరుల్లోనూ, మన రిజర్వ్ బ్యాంకు జూన్, డిసెంబరుల్లోనూ ఆర్థిక స్థిరత్వం మీద నివేదికలు ఇస్తాయి. రెండింటిలోనూ వడ్డీ రేట్లు, లిక్విడిటీ (అవసరానికి చేతిలో నగదు), బ్యాంకేతర సంస్థలు అనే మాటలే తిరిగి తిరిగి వస్తాయి. చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, మూసేశాక పట్టు దొరకదు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మునిగింది మొండి బకాయిల వల్ల కాదు, అమెరికా ప్రభుత్వ బాండ్ల వల్ల అంటారు. ప్రభుత్వం ఎవరికీ డబ్బు ఎగ్గొట్టలేదు. మరి నష్టం ఎక్కడి నుంచి వచ్చింది? 2022లో లండన్ బాండ్ల గొడవ, 2024 ఆగస్టులో జపాన్ యెన్ దెబ్బ వేటికవి వేరా, లేక మూలం ఒకటేనా?

ఇక అసలు అవసరం. అమ్మానాన్నల ఎఫ్‌డీలు గుంటూరులో ఒక ప్రైవేటు బ్యాంకులో, ఒక సహకార అర్బన్ బ్యాంకులో ఉన్నాయి. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఏ పత్రం తెరవాలి, అందులో ఏ అంకె చూడాలి? "మంచి బ్యాంకులో పెట్టుకోండి" అన్న సలహా వద్దు. మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలో చెప్పండి.

ట్రెజరీ_లెక్కలు:

మొదటి ప్రశ్నకు జవాబు చిన్న లెక్కలో ఉంది. దాన్ని ఒకసారి కాగితం మీద వేసి చూస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ఏడాదికి 2 శాతం వడ్డీ ఇచ్చే పదేళ్ల ప్రభుత్వ బాండు 100 రూపాయలకు కొన్నారు. మర్నాడే మార్కెట్ వడ్డీ 4 శాతానికి పెరిగింది. కొత్త బాండు 4 ఇస్తుంటే మీ పాత 2 శాతం బాండును 100కి ఎవరు కొంటారు? ధర తగ్గించి ఇవ్వాలి. ఎంతకంటే, 83 రూపాయల 78 పైసలకు. అదే మూడేళ్ల బాండయితే 94.45 వస్తుంది, ముప్పై ఏళ్లదైతే 65.42 మాత్రమే. గడువు ఎంత దూరమైతే దెబ్బ అంత పెద్దది. ఈ సున్నితత్వాన్నే డ్యూరేషన్ అంటారు. వడ్డీ 1 శాతం పెరిగితే ధర సుమారుగా డ్యూరేషన్ ఎంతో అంత శాతం పడుతుందని గుర్తు పెట్టుకుంటే చాలు.

గడువు దాకా అట్టే పెట్టుకుంటే 100కి 100 వస్తాయి, నిజమే. మధ్యలో అమ్మాల్సి వస్తేనే 83.78. అంటే బాండు మంచిదా చెడ్డదా అన్నదానికంటే, గడువు దాకా పట్టుకునే ఓపిక మీ దగ్గర డబ్బు పెట్టినవాళ్లకు ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు ఎస్‌వీబీ, అంటే సిలికాన్ వ్యాలీ బ్యాంకు. ఆ బ్యాంకు ఖాతాదారులు ఎక్కువగా స్టార్టప్ కంపెనీలు, వాటికి పెట్టుబడి పెట్టే ఫండ్లు. 2019 చివర్లో 62 బిలియన్ డాలర్ల దగ్గరున్న డిపాజిట్లు 2021 చివరికి 189 బిలియన్లయ్యాయి. అంత డబ్బుకు అప్పు తీసుకునేవాళ్లు దొరక్క బాండ్లు, ఇంటి అప్పుల మీద పుట్టించిన సెక్యూరిటీలు కొన్నారు. అప్పుడు వడ్డీలు నేల మీద ఉన్నాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) 2022 మార్చి నుంచి పెంచడం మొదలుపెట్టి, సున్నా దగ్గరున్న రేటును 2023 ఫిబ్రవరికల్లా 4.50–4.75 శాతానికి తెచ్చింది. 2022 చివరికి బ్యాంకు "గడువు దాకా ఉంచుకుంటాం" అని పద్దు రాసిన సెక్యూరిటీల విలువ పుస్తకంలో 91 బిలియన్లు, మార్కెట్లో 76 బిలియన్లు. తేడా 15 బిలియన్లు. బ్యాంకు మొత్తం మూలధనం 16 బిలియన్ల చిల్లర. ఈ రెండు అంకెలూ వార్షిక నివేదికలోనే అచ్చయి ఉన్నాయి. ఎవరూ దాచలేదు.

వడ్డీ పెరిగితే నష్టాన్ని పూడ్చే స్వాప్ ఒప్పందాలు కొన్ని ఆ బ్యాంకు దగ్గర ఉండేవి. 2022లో వాటిని దాదాపు అన్నీ తీసేశారు. వడ్డీలు మళ్లీ తగ్గితే ఆదాయం పోతుందన్న బెంగతో అసలు ముప్పును గాలికొదిలేశారు. అదే ఏడాది ఎనిమిది నెలల పాటు బ్యాంకులో ముఖ్య రిస్క్ అధికారి పదవి ఖాళీగా ఉంది.

ఇంకోవైపు స్టార్టప్‌లకు కొత్త పెట్టుబడులు ఆగిపోయి, ఉన్న డబ్బు జీతాలకు తీసుకుంటున్నారు. మార్చి 8న బ్యాంకు 21 బిలియన్ల బాండ్లు అమ్మి, 1.8 బిలియన్ల నష్టం చూపి, 2.25 బిలియన్ల కొత్త మూలధనం కావాలని ప్రకటించింది. 9న ఒక్కరోజే 42 బిలియన్లు పోయాయి. 10న పొద్దున మరో 100 బిలియన్లు తీసుకోవడానికి క్యూ కట్టాయి. అదే రోజు మూసేశారు. డిపాజిట్లలో 94 శాతం బీమా హద్దు అయిన 2,50,000 డాలర్లు దాటినవి. బీమా లేనివాడు ఆగడు, ఆగాల్సిన అవసరమూ అతనికి లేదు.

చాలామంది వదిలేసే వివరం ఒకటుంది. ఆఖరి రోజున ఫెడ్ దగ్గర అప్పు తెచ్చుకోవడానికి కావలసిన తాకట్టు సెక్యూరిటీలు వేరే సంస్థ దగ్గర ఉన్నాయి. వాటిని ఆ సాయంత్రం వేళకు మార్చలేకపోయారు. బంగారం లాకర్లో ఉంది, తాళం ఊరవతల ఉంది అన్నట్టు. తాకట్టు ముందే సరైన చోట పెట్టి, అప్పుడప్పుడు చిన్న మొత్తం తెచ్చి సాధన చేసుకోవాలన్నది ఆ తర్వాత పర్యవేక్షకులు గట్టిగా చెబుతున్న మాట.

గుంటూరు_డాలస్:

ధన్యవాదాలండి, 83.78 లెక్కతో తెర తొలగింది. ఒక్క సందేహం. మార్కెట్లో 76 ఉన్నదాన్ని పుస్తకంలో 91 అని రాసుకోవడం చట్టబద్ధమేనా? మన దగ్గరా ఇలాగే రాస్తారా?

ఓరుగల్లు_ఆడిటర్:

చట్టబద్ధమే. గడువు దాకా ఉంచే ఉద్దేశం, ఉంచగల స్తోమత రెండూ ఉంటే కొన్న ధరకే చూపొచ్చు. దాన్ని హెచ్‌టీఎం పద్దు అంటారు. ఎప్పుడైనా అమ్మే వీలున్నది ఏఎఫ్‌ఎస్ పద్దు, అది మార్కెట్ ధరకే చూపాలి. ఉద్దేశం బ్యాంకుది, సరే. స్తోమత మాత్రం డిపాజిటర్ల చేతిలో ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. పైగా అమెరికా పద్ధతిలో హెచ్‌టీఎం నుంచి కాస్త అమ్మినా మిగిలినదంతా మార్కెట్ ధరకు తేవాల్సి వస్తుంది. అందుకే ఎస్‌వీబీ దాన్ని ముట్టుకోకుండా ఏఎఫ్‌ఎస్ అమ్మింది.

మన దగ్గర 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏఎఫ్‌ఎస్‌లో లాభనష్టాలు నేరుగా ఒక రిజర్వులోకి వెళ్లి మూలధనంలో కనిపిస్తాయి. హెచ్‌టీఎం నుంచి ఏడాదిలో, ఏడాది మొదట ఉన్న విలువలో 5 శాతానికి మించి అమ్మాలంటే రిజర్వ్ బ్యాంకు ముందస్తు అనుమతి కావాలి. హెచ్‌టీఎం మార్కెట్ విలువ ఎంతో నోట్సులో చూపాలి.

మన బ్యాంకులు చట్టం ప్రకారమే డిపాజిట్లలో 18 శాతం దాకా ప్రభుత్వ సెక్యూరిటీల వంటివాటిలో ఉంచాలి, దాన్నే ఎస్‌ఎల్‌ఆర్ అంటారు. కాబట్టి వడ్డీ రిస్కు మనకు లేదని ఎవరన్నా నమ్మకండి. తేడా ఎక్కడంటే, మన పదేళ్ల బాండు ఈల్డ్ (ఇవాళ్టి ధరకు కొంటే గిట్టే వడ్డీ రేటు) 2020లో 6 దగ్గర నుంచి 2022లో ఏడున్నర దాకా వెళ్లింది, అంతే. అమెరికాలో 1 లోపు నుంచి 4 దాటింది. మన డిపాజిట్లు లక్షల ఇళ్లలో చిన్న చిన్న మొత్తాలుగా ఉన్నాయి. అవి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్న ఇరవై మంది ఫండ్ మేనేజర్ల మాట మీద కదిలేవి కావు.

మార్జిన్_కాల్:

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. మూలం ఒకటే. దూరపు గడువు ఆస్తిని దగ్గరి గడువు అప్పుతో కొనడం, ఆ అప్పు ఇచ్చినవాడు మధ్యలో నగదు అడగడం. దేశం మారింది, వేషం మారింది.

లండన్. బ్రిటన్‌లో పాత పద్ధతి పింఛను నిధులు ముప్పై, నలభై ఏళ్ల పాటు పింఛన్లు ఇవ్వాలి. వడ్డీ తగ్గితే ఆ బాధ్యతల ఇప్పటి విలువ ఉబ్బిపోతుంది. దానికి తోడుగా కదిలే దూరపు గడువు ప్రభుత్వ బాండ్లు, అంటే గిల్ట్‌లు కొనాలి. అన్నీ కొనేంత సొమ్ము లేదు. అందుకని ఉన్న గిల్ట్‌లు రెపో అనే కొద్దికాలపు అప్పుకు తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో మళ్లీ గిల్ట్‌లు కొన్నారు. దీన్నే ఎల్‌డీఐ అంటారు.

లెక్క చూడండి. సొంత డబ్బు 25 పౌండ్లు, అప్పు 75, చేతిలో గిల్ట్‌లు 100. డ్యూరేషన్ 20. ఈల్డ్ 1 శాతం పెరిగితే గిల్ట్‌ల విలువ 18 నుంచి 20 పౌండ్లు పడుతుంది. సొంత డబ్బు 25లో 5, 7 మిగిలాయి. అప్పిచ్చినవాడు "తాకట్టు విలువ తగ్గింది, ఇంకో 15 ఈ రాత్రికి పంపు" అంటాడు. అదే మార్జిన్ కాల్. నగదు లేదు కాబట్టి గిల్ట్‌లే అమ్మాలి. అందరూ ఒకేసారి అమ్మితే ధర ఇంకా పడుతుంది, ఇంకో మార్జిన్ కాల్ వస్తుంది. తిరగలిలో పడ్డట్టే.

2022 సెప్టెంబరు 23న అప్పటి ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ సుమారు 45 బిలియన్ పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా. ముప్పై ఏళ్ల గిల్ట్ ఈల్డ్ కొద్ది రోజుల్లోనే 1 శాతానికి పైగా ఎగిరి, 28వ తేదీన 5 దాటింది. ఆ రోజే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి, రోజుకు 5 బిలియన్ల దాకా 13 పనిదినాలు కొంటామంది. చివరికి కొన్నది 19.3 బిలియన్లే. కొనేవాడు ఉన్నాడన్న మాటే సగం పని చేసింది.

ఇక్కడ నాకు చాలా ముఖ్యమనిపించే సంగతి ఒకటుంది. ఈల్డ్ పెరిగినప్పుడు ఆ పింఛను నిధుల బాధ్యతలు ఆస్తుల కంటే ఎక్కువ తగ్గాయి. అంటే దీర్ఘకాలపు లెక్కలో వాళ్లు ఇంకా బలపడ్డారు! బలపడుతూనే నగదు లేక ఊపిరాడక చచ్చేవాళ్లు. చిన్న నిధులు కలిసి పెట్టుకున్న పూల్డ్ ఫండ్ల గతి మరీ అన్యాయం. ట్రస్టీలు సమావేశమై, కాగితాల మీద సంతకాలు పెట్టి నగదు పంపడానికి వారం పడుతుంది. మార్జిన్ కాల్‌కు గంటలే గడువు. తర్వాత 2023 మార్చిలో, ఈల్డ్ కనీసం 2.5 శాతం పెరిగినా తట్టుకునేంత అదనపు నిల్వ ఈ ఫండ్ల దగ్గర ఉండాలని అక్కడి నియంత్రణ కమిటీ చెప్పింది. దీనికి సామాన్యుడు కట్టిన మూల్యం కూడా ఉంది. అక్టోబరుకల్లా అక్కడ రెండేళ్ల స్థిర వడ్డీ ఇంటి అప్పు 6 శాతం దాటింది.

టోక్యో. యెన్‌లో అప్పు దాదాపు ఉచితం, డాలర్‌లో 5 శాతం వడ్డీ. యెన్ తెచ్చి డాలర్‌లో పెడితే తేడా జేబులోకి. దీన్నే క్యారీ ట్రేడ్ అంటారు. డాలరుకు 160 యెన్‌లున్నప్పుడు 10 కోట్ల యెన్ అప్పు తెచ్చారనుకోండి. 6,25,000 డాలర్లు వస్తాయి. ఏడాది వడ్డీ 31,250. ఇప్పుడు యెన్ బలపడి 145 అయింది. అప్పు తీర్చాలంటే 6,89,655 డాలర్లు కావాలి. నష్టం 64,000 పైమాట, అంటే రెండేళ్ల వడ్డీ. సొంత మార్జిన్ పది శాతమే, అంటే 62,500 పెట్టి ఉంటే మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

2024 జులై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ రేటును 0.25 శాతానికి పెంచింది. పావు శాతం! ఆగస్టు 2న అమెరికా ఉద్యోగాల అంకెలు చప్పగా వచ్చాయి. ఆగస్టు 5న జపాన్ షేర్ల సూచీ నిక్కీ 12.4 శాతం కూలింది. 1987 తర్వాత ఒక్క రోజులో అంత పెద్ద పతనం లేదు. అదే రోజు మన సెన్సెక్స్ 2,222 పాయింట్లు పడింది. ఆ రోజు హైదరాబాద్‌లో ఏ కంపెనీకీ ఏ కీడూ జరగలేదు. టోక్యోలో అప్పు తీర్చాల్సినవాడు ఎక్కడ లాభం ఉంటే అక్కడ, ఏది తొందరగా అమ్ముడుపోతే అది అమ్మాడు. మర్నాడు నిక్కీ 10 శాతం పైగా లేచింది కాబట్టి జనం మర్చిపోయారు. అలా మర్చిపోవడం మంచిది కాదు. ఆ అప్పుల మొత్తం ఎంతో ఒక్కచోట కూడి చూపే పద్దు ఎవరి దగ్గరా లేదు.

సీలేరు:

పైన చెప్పినవన్నీ సరైనవే, కానీ మన చదువరులకు బొమ్మ సగమే కనిపిస్తుందని భయం. మన దేశంలో డిపాజిటర్లను, చిన్న అప్పుదారులను ముంచింది ఎక్కువసార్లు వడ్డీ రేటు కాదు. ఎవరికి అప్పిచ్చారు, ఆ అప్పుకు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు అన్నదే.

ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే మౌలిక వసతుల రుణ సంస్థను తీసుకోండి. రోడ్లు, విద్యుత్తు, నీటి ప్రాజెక్టులు, పదిహేను ఇరవై ఏళ్లకు గానీ డబ్బు తిరిగి రాని పనులు. దానికి తెచ్చిన అప్పుల్లో నెలల గడువు కమర్షియల్ పేపర్లు (కంపెనీలు అమ్మే కొద్దికాలపు అప్పు పత్రాలు) కూడా ఉన్నాయి. సుమారు 91,000 కోట్ల అప్పు. 2018 సెప్టెంబరులో వాయిదాలు తప్పింది. కొద్ది వారాల ముందు దాకా దానికి అత్యున్నత రేటింగ్ ఉంది. ఆ దెబ్బతో మ్యూచువల్ ఫండ్లు మిగతా బ్యాంకేతర సంస్థల పేపర్లు కూడా తిరిగి కొనడం మానేశాయి. మంచి సంస్థలూ గిలగిలలాడాయి.

మన గడ్డ మీద జరిగింది 2010 సూక్ష్మరుణ సంక్షోభం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే మహిళకు నాలుగైదు సంస్థలు అప్పులిచ్చి, వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూళ్లు చేశాయి. ఆత్మహత్యలు జరిగాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. రిజిస్ట్రేషన్ లేనిదే అప్పు ఇవ్వకూడదు, ఇంటికి వెళ్లి వసూలు చేయకూడదు, వాయిదా వారానికి కాక నెలకు ఉండాలి. ఆర్డినెన్సు రావాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. ఆర్థికంగా అది ఎలా పాకిందో చూడండి. 90 శాతానికి పైగా ఉన్న వసూళ్లు కుప్పకూలాయి. ఈ సంస్థల దగ్గర డిపాజిట్లు ఉండవు, బ్యాంకుల నుంచి తెచ్చిన టోకు అప్పే వాటి ఆధారం. బ్యాంకులు భయపడి దేశమంతటా కొత్త అప్పులు ఆపేశాయి. వసూళ్లు సవ్యంగా ఉన్న వేరే రాష్ట్రాల సంస్థలకూ డబ్బు అందలేదు. అక్కడ మామూలుగా కడుతున్న మహిళలకు తదుపరి విడత అప్పు రాలేదు. ఒక రాష్ట్రంలోని మంట దేశమంతటికీ అంటుకోవడానికి కారణం ఒకటే: అందరికీ డబ్బు పోసే చేయి అదే బ్యాంకుల చేయి. 2011 జనవరిలో మాలేగాం కమిటీ నివేదిక వచ్చాక గానీ రిజర్వ్ బ్యాంకు దీనికి ప్రత్యేక చట్రం తేలేదు.

కాబట్టి ఐఎంఎఫ్ "బ్యాంకేతర సంస్థల ముప్పు" అంటే న్యూయార్క్ హెడ్జ్ ఫండ్లే గుర్తుకు రానక్కర్లేదు. 2023 నవంబరులో మన రిజర్వ్ బ్యాంకు హామీ లేని వినియోగదారుల అప్పుల మీద రిస్క్ వెయిట్‌ను (ఆ అప్పుకు బ్యాంకు ఎంత మూలధనం ఉంచాలో తేల్చే కొలతను) 100 నుంచి 125 శాతానికి పెంచింది. యాప్‌లో ఐదు నిమిషాల్లో దొరికే అప్పు మీద ఆ భయం పెట్టుకోవడం సబబే.

ఓరుగల్లు_ఆడిటర్:

సీలేరు గారి మాటకు నా ఓటు. ఇక అడిగినవారి మూడో ప్రశ్న, ఏ పేజీ తెరవాలన్నది.

ప్రైవేటు బ్యాంకుతో మొదలుపెడదాం. వెబ్‌సైట్ అడుగున "రెగ్యులేటరీ డిస్‌క్లోజర్స్" లేదా "బాసెల్ 3 డిస్‌క్లోజర్స్" అని లింకు ఉంటుంది. మూడు నెలలకోసారి మారుతుంది. అందులో మొత్తం మూలధన నిష్పత్తి, అంటే సీఆర్‌ఏఆర్, బఫర్‌తో కలిపి కనీసం 11.5 శాతం ఉండాలి. 12 దగ్గర తచ్చాడుతున్న బ్యాంకుకు, 16 ఉన్న బ్యాంకుకు చాలా తేడా ఉంది. తర్వాత ఎల్‌సీఆర్. నెల రోజుల గడ్డుకాలంలో బయటికి పోయే నగదుకు సరిపడా వెంటనే అమ్ముకోగల ఆస్తులు ఉన్నాయా అన్నది ఇది చెబుతుంది. కనీసం 100 ఉండాలి. ఒక్క త్రైమాసికం చూసి వదలకండి, వరసగా ఆరు చూడండి. 140 నుంచి 125, 112 అని దిగుతూ ఉంటే, 112 నిబంధనకు లోబడినదే అయినా, అడగాల్సిన ప్రశ్న ఉంది.

నికర ఎన్‌పీఏ, అంటే కేటాయింపులు పోను మిగిలిన మొండి బకాయిలు, ఎంతుందో చూడండి. 6 శాతానికి చేరితే రిజర్వ్ బ్యాంకు దిద్దుబాటు చర్యల గీత తగులుతుంది. మొత్తం బ్యాంకుల స్థూల మొండి బకాయిలు 2018 మార్చిలో 11 శాతం దాటి ఉండగా, 2025 మార్చికి రెండు శాతం చిల్లరకు దిగాయి. ఇలాంటి మంచి రోజుల్లోనే అంకెలన్నీ అందంగా ఉంటాయి కాబట్టి దీనొక్కదాని మీదే ఆధారపడకండి.

అసలు సరుకు వార్షిక నివేదికలో వెనకపడి ఉంటుంది, "నోట్స్ టు అకౌంట్స్" అన్నచోట. నాలుగు పట్టికలు వెతకండి. మొదటిది, ఇరవైమంది అతిపెద్ద డిపాజిటర్ల వాటా. నా అలవాటు ఏమిటంటే 10 శాతం లోపు అయితే నిశ్చింత, 20 దాటితే మిగతావన్నీ రెండోసారి చదువుతాను. ఇది నిబంధన కాదు, నా కొలబద్ద. రెండోది, ఇరవైమంది పెద్ద అప్పుదారుల వాటా. మూడోది, హెచ్‌టీఎం పుస్తక విలువ, మార్కెట్ విలువ. వీటి తేడాను మూలధనంతో భాగించండి. పుస్తకంలో 10,000 కోట్లు, మార్కెట్లో 9,700, మూలధనం 1,500 అయితే 20 శాతం. ఎస్‌వీబీకి ఇదే లెక్క వేస్తే 90 దాటుతుంది. ఈ అంకెను ఒంటరిగా చూడకూడదు, మొదటి పట్టికతో కలిపి చూడాలి. నష్టం పెద్దదై డిపాజిటర్లు కొద్దిమందే అయితేనే ప్రమాదం.

నాలుగోది డైవర్జెన్స్. బ్యాంకు చూపిన మొండి బకాయిలకు, రిజర్వ్ బ్యాంకు తనిఖీలో తేల్చినదానికి ఉన్న తేడా. 2015–16కి యస్ బ్యాంకు చూపిన స్థూల ఎన్‌పీఏ 749 కోట్లు, రిజర్వ్ బ్యాంకు తేల్చింది 4,926 కోట్లు. ఆ బ్యాంకు మీద మారటోరియం, అంటే డబ్బు తీసుకోవడంపై ఆంక్ష, 2020 మార్చి 5న వచ్చింది. మధ్యలో ఎంత వ్యవధి ఉందో చూడండి. ఈ ఒక్క పట్టిక చదివినవాళ్లకు తేరుకోవడానికి కావలసినంత సమయం దొరికింది. మారటోరియంలో డిపాజిటర్లకు రూ.50,000 హద్దు పెట్టి 18న ఎత్తేశారు, డిపాజిట్లు పోలేదు. 8,415 కోట్ల ఏటీ-1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగలిగే బాండ్లు) మాత్రం రద్దు చేశారు, ఆ తగువు కోర్టుకెక్కింది. ఎఫ్‌డీ కంటే ఒకటిన్నర శాతం ఎక్కువ వస్తుందని ఎవరైనా బ్యాంకు కౌంటర్లో బాండు చూపిస్తే, అది ఎఫ్‌డీయా, ఏటీ-1 బాండా అని కాగితం మీద రాయించుకోండి.

సహకార బ్యాంకు విషయంలో పై లెక్కలు సగమే పనికొస్తాయి. ముంబయికి చెందిన సహకార బ్యాంకు పీఎంసీ 2019 మార్చికి చూపిన స్థూల ఎన్‌పీఏ 4 శాతం లోపే. అసలు సంగతేమిటంటే అప్పుల్లో 70 శాతానికి పైగా ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకు పోయాయి. వేల దొంగ ఖాతాల వెనక దాన్ని దాచారు. సెప్టెంబరులో ఆంక్షలు పెట్టినప్పుడు మొదట తీసుకోనిచ్చింది ఆరు నెలలకు వెయ్యి రూపాయలు. హైదరాబాద్‌లో 2000ల మొదట్లో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు పడినప్పుడు బీమా లక్షే. అంకెలే అబద్ధమైతే అంకెలు చదివి లాభం లేదు. కాబట్టి సహకార బ్యాంకులో మీ రక్షణ బీమా హద్దు ఒక్కటే అనుకుని డబ్బు పెట్టండి. రిజర్వ్ బ్యాంకు పత్రికా ప్రకటనల్లో ఆ బ్యాంకు పేరు వెతకండి. సెక్షన్ 35ఏ కింద ఆదేశాలు (బ్యాంకు లావాదేవీలపై ఆంక్షలు) గానీ, వరసగా జరిమానాలు గానీ ఉంటే గడువు తీరిన ఎఫ్‌డీని పొడిగించకండి.

గుంటూరు_డాలస్:

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి: ఆ బీమా హద్దు సరిగ్గా ఎలా లెక్కపెట్టాలి? ఇక్కడ అమెరికాలో డిపాజిట్ బీమా సంస్థ ఎఫ్‌డీఐసీకి ఒక బ్యాంకులో ఒక మనిషికి ఒక రకం ఖాతాకు 2,50,000 డాలర్లు. అక్కడ ఐదు లక్షలు అంటే అసలుకేనా?

ఓరుగల్లు_ఆడిటర్:

అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షలు. చాలామంది పొరపడేది ఇక్కడే. 7 శాతం మీద మూడు నెలలకోసారి చక్రవడ్డీ పడే ఐదేళ్ల ఎఫ్‌డీలో ఐదు లక్షలు వేస్తే, చివరికి ఏడు లక్షలు దాటుతుంది, పైనున్న రెండు లక్షలకు బీమా లేదు. ఐదేళ్ల చివర్లో కూడా హద్దులో ఉండాలంటే వేయాల్సింది 3,53,000. ఏడాది ఎఫ్‌డీ అయితే 4,66,000 దాకా వేయొచ్చు.

ఒకే బ్యాంకులో ఉన్న అన్ని శాఖలు, పొదుపు, ఎఫ్‌డీ, ఆర్‌డీ అన్నీ కలిపే లెక్క. శాఖ మార్చితే హద్దు పెరగదు, బ్యాంకు మార్చితే పెరుగుతుంది. ఉమ్మడి ఖాతాకు వేరే హద్దు. పేర్ల వరస మారినా వేరుగానే చూస్తారు. నాన్నగారి పేరున ఒకటి, అమ్మగారి పేరున ఒకటి, నాన్న–అమ్మ అని ఒకటి, అమ్మ–నాన్న అని ఒకటి పెడితే, ఒకే బ్యాంకులో నాలుగు ఐదులు ఇరవై లక్షల దాకా బీమాలో ఉంటాయి. ఆ బ్యాంకులో ఎవరికైనా అప్పు బాకీ ఉంటే దాన్ని మినహాయించుకుని మిగిలింది ఇస్తారు. 2021 సవరణ తర్వాత, ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లోపు బీమా సొమ్ము అందాలి. అందుకు ఖాతాలో పాన్, ఫోన్ నంబరు, నామినీ, వేరే బ్యాంకు ఖాతా వివరాలు సరిగ్గా ఉండాలి. పేరు ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటే అక్కడే ఆగిపోతుంది. వచ్చేసారి అమ్మగారితో వీడియోలో మాట్లాడేటప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెట్టించి చూడండి.

ఇంకో మాట. గుంటూరులో మీవాళ్లు డబ్బు పెట్టింది సహకార అర్బన్ "బ్యాంకే" అని నిర్ధారించుకోండి. మన డిపాజిట్ బీమా సంస్థ డీఐసీజీసీ వెబ్‌సైట్‌లో బీమా ఉన్న బ్యాంకుల జాబితా ఉంది, పేరు అక్షరం తేడా లేకుండా వెతకండి. క్రెడిట్ సొసైటీలు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు, చిట్‌ఫండ్ కంపెనీలు, ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకేతర ఫైనాన్స్ కంపెనీల) డిపాజిట్లు, వీటిలో దేనికీ ఈ బీమా వర్తించదు. బోర్డు మీద "కో-ఆపరేటివ్" అని ఉన్నంత మాత్రాన బ్యాంకు కాదు.

గుంటూరు_డాలస్:

జాబితాలో ప్రైవేటు బ్యాంకు ఉంది. రెండోదాని రసీదు మీద "సొసైటీ" అని ఉంది. గడువు ఆగస్టులో తీరుతుంది, పొడిగించవద్దని ఇప్పుడే నాన్నకు చెబుతున్నాను.